స్తంభం పక్క చాప

ఈస్టరు ముందు శ్రమకాలం, మొదటి ఆదివారం

చాపలు తొంభై నాలుగు. తడిసినవి రెండు. ఎలుక కొరికింది ఒకటి, ఆడవాళ్ళ వైపు ఐదో వరసలో. హాలుకు మనిషిగా వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. సముద్రం పోటు ఆలస్యంగా తీయడంతో మా ఆయన దానియేలు పడవ అరగంట వెనకబడింది. అందులో వచ్చిన ఎనిమిదిమంది మొదటి పాట అయిపోయాక కూర్చున్నారు.

చాపల పుస్తకంలో ఇంతవరకు రాస్తే చాలని పాస్టరు అయ్యగారు చెప్పారు. మిగతాది నేను వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు.

ఈ రోజు ప్రసంగం మధ్యలో సువార్తక్క నవ్వింది.

ఇరవై ఆరేళ్ళు మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె ముసుగు జారితే నేను సర్దేదాన్ని. నాకు కునుకు పడితే ఆమె తొడ మీద గిల్లేది. నిరుడు ఆమె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆమె ఉండే తొమ్మిదో గట్టు నుంచి ఇక్కడికి పడవలో నాలుగు గంటలు. ఎక్కలేనని చెప్పేసి ఇంట్లో తీగచాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. దాని జత చాపను ఇక్కడ, ఆమె పాత చోటులోనే, నేనే పరిచాను. అక్కడ ఆమె కూర్చోగానే ఇక్కడ చాప కుంగుతుంది, వెచ్చబడుతుంది. కుడి మోకాలు కాస్త బయటికి పెట్టి కూర్చోవడం ఆమె అలవాటు. ఆ గుంట చూస్తే చాలు, అంచు మీద పేరు చదవక్కర్లేదు.

ఆమె ఎడమ పక్కన ఇప్పటికీ నేనే కూర్చుంటాను. కానీ నాది మామూలు తుంగచాప. తీగచాపకు తీగచాప మాత్రమే తెలుస్తుంది. నేను ఎంత ఆనుకుని కూర్చున్నా, చాప మీద చెయ్యి వేసినా, తొమ్మిదో గట్టు మీద ఆమెకు ఏమీ తెలియదు. హాల్లో ఉన్నవాళ్ళు తీగచాప మీద కూర్చుంటే అది ఈల పెడుతుంది. ఒకసారి కూర్చుని చూశాను. అయ్యగారు ప్రార్థన ఆపి కళ్ళు తెరిచారు.

ఆమె కుడి పక్క చాప జెరూషాది. సముద్రంలో గాలిమరల స్థావరానికి ఆమె కాపలా ఉద్యోగి. ఒంటరి మనిషి. నలభై ఏళ్ళుంటాయట. రెండు నెలలకోసారి సామాన్ల ఓడ తప్ప అక్కడికి ఎవరూ పోరు. ఈ హాల్లో ఎన్నడూ అడుగు పెట్టలేదు. మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి ఆమె భుజం సువార్తక్క భుజానికి తగులుతుంది. పక్కపక్క చాపల మీదివాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవచ్చు, మూడో మనిషికి వినపడదు. నవ్వు పెద్దదైతే మాత్రం హాల్లోకి వచ్చి పడుతుంది.

ఆమె చాప చివర మాటలు మోసే బిళ్ళ దగ్గర నోరు పెట్టి అడిగాను.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. జెరూషా ఏదో అంది."

"ఏమంది?"

"నేను చెబితే నవ్వు రాదులే ఎలీసమ్మా. ఆ పిల్ల అంటేనే నవ్వొస్తది."

బుధవారం

పొద్దున చాపలన్నీ బయట ఎండలో పరిచాను. తడిగుడ్డతో ఉప్పు తుడిచాను. రెండింటికి తీగ మార్చాను. మూడు గంటలకు మళ్ళీ హాల్లో వేయడం మొదలుపెట్టాను. ఎవరి పక్కన ఎవరి చాప పడుతుందో వారికి వారే తోడు. ఆ వరస కాగితం మీద లేదు, నా తలలోనే ఉంది.

జెరూషా చాపను తీసుకెళ్ళి వెనక స్తంభం పక్కన వేశాను. అక్కడ ఒక పక్క రాయి, ఇంకో పక్క నడవ. ఏ చాపా దానికి తగలదు. సువార్తక్క కుడి పక్క చోటు ఖాళీగా వదిలాను. ఎవరైనా అడిగితే నేల చెమ్మగా ఉందని చెప్పవచ్చు.

చేతులు వాటంతట అవే వేశాయని రాశాను. మళ్ళీ కొట్టేశాను. నేనే వేశాను.

రెండో ఆదివారం

చాపలు తొంభై నాలుగు. మనుషులు ఇరవై ఎనిమిది.

మొదటి పాట కాకముందే సువార్తక్క పిలిచింది.

"ఏమే, నా కుడిపక్క చల్లగా ఉంది. జెరూషా ఏదీ?"

"రాలేదక్కా."

"ఒంట్లో బాగలేదేమో. ఒక్కతే ఉంటది పాపం."

అంతటితో నేను ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు.

"ఏమోనక్కా. ఈ మధ్య ఆమెకు ఆసక్తి తగ్గినట్టుంది."

నేను వెనక్కి తిరిగి చూశాను. స్తంభం పక్క చాప కుంగి ఉంది. మనిషి వచ్చి కూర్చునే ఉంది.

ప్రసంగం అయ్యేదాకా సువార్తక్క నాతో నాలుగు మాటలాడింది. వాళ్ళ గట్టు మీద రొయ్యల ధర గురించి, మోకాలికి కట్టుకునే కొత్త పట్టీ గురించి. నాకు సంతోషమనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

గురువారం, స్త్రీల కూడిక

ఇలాంటిది జరుగుతుందని నాకు తోచలేదు.

కూడికలో ప్రార్థన అంశాలు చెప్పే వంతు ఈ నెల సువార్తక్కది. ఆమె గొంతు హాలంతటికీ, చాపలన్నిటికీ వినపడేలా మీట నొక్కాను. ఒకరి కాన్పు, ఒకరి గుడిసె కప్పు, ఒకరి మరిది తాగుడు చెప్పింది. తర్వాత చివరి అంశానికి వచ్చింది.

"తల్లులారా, మన చెల్లెలు జెరూషా విశ్వాసంలో వెనక్కి వెళ్ళిపోయింది. ప్రభువు ఆ బిడ్డని మళ్ళీ తోడుకొని రావాలని ఏకమనసుతో అడుగుదాం."

అరవై మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు. పేరు పెట్టి ప్రార్థించారు. ఆమె హృదయాన్ని మెత్తపరచమని ఒకరు, లోకాశలు తీసివేయమని ఒకరు. రాహేలు ఎప్పుడూ అందరికన్నా గట్టిగా ప్రార్థిస్తుంది. ఎండిపోయిన ఆ కొమ్మను నరకవద్దని ఏడుస్తూ బతిమాలింది.

అదంతా జెరూషా వింటూ ఉంది. స్తంభం పక్క చాప మొదట మామూలుగా ఉంది. కాసేపటికి ఆ వెడల్పాటి గుంట పోయి రెండు చిన్న గుంటలు పడ్డాయి. మోకాళ్ళు. ఆమె మోకరించింది. తన కోసం తానే ప్రార్థిస్తున్నట్టుంది.

మీట మీద చెయ్యి ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. 'ఆమె ఇక్కడే ఉంది, నేనే జరిపాను' అంటే చాలు. ఆమేన్ అన్నాక మీట పైకి తీశాను.

మూడో ఆదివారం, ప్రభువు బల్ల

చాపల మీదివాళ్ళు రొట్టె, రసం ఇంట్లో సిద్ధం చేసుకున్నారు. హాల్లో ఉన్న ముప్ఫై ముగ్గురికి నేను పళ్ళెంలో సర్దాను.

బల్ల ముందు అయ్యగారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. పక్కవారితో మనసు తేడాగా ఉన్నవారు తొందరపడవద్దని, ముందు వెళ్ళి సరిచేసుకోమని. ఏళ్ళ తరబడి ఆ మాట వింటూ నేను రొట్టె తీసుకున్నాను. ఈ రోజు పళ్ళెం నా దగ్గరికి వస్తే చెయ్యి లేవలేదు. పక్కనున్న రాహేలుకు అందించాను.

"ఏంటి వదినా, కడుపులో బాగలేదా?" అంది రాహేలు.

"బాగానే ఉంది."

"మరి?"

నేను తల వంచుకున్నాను. రాహేలు పళ్ళెం పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది. వెనకావిడ దగ్గేదాకా ముందుకు పంపలేదు.

సాయంత్రం మా ఆయన పడవ కట్టేసి వచ్చి గడపలో కూలబడ్డాడు.

"ఆరుగురు ఆడోళ్ళు ఎక్కారే పడవ. ఆరుగురూ ఒకటే అడగటం, మీ ఆవిడ ఎవరితో పోట్లాడిందని. నాతోనే అని చెప్పి బయటపడ్డా."

"ఆదివారం పూట అబద్ధమా?"

"పొద్దున కూర వెచ్చబెట్టమంటే కసిరావుగా. అబద్ధం ఎట్టా అవుద్ది?" అని నవ్వాడు. తర్వాత కాసేపు నా మొహం చూశాడు. "ఇంటికాడ చాపల మీద కూర్చునేవాళ్ళు తిన్నారో లేదో ఎవరు చూశారు? నీకే ఈ గోల. ఎదురుగా కూర్చుంటావు, దొరికిపోతావు."

ఆయన మామూలుగా అన్నాడు. నేను మాత్రం అప్పటినుంచీ అదే మాట తలుచుకుంటున్నాను.

నాలుగో ఆదివారం

ఈ వారం నేను హాలుకు పోలేదు. పాతికేళ్ళలో కాన్పులప్పుడు తప్ప ఇదే మొదటిసారి.

బీరువాలో కొత్త జత ఒకటి ఉంది, ఎవరికీ ఇవ్వనిది. శనివారం సాయంత్రం దానిలో ఒక చాపను హాల్లో సువార్తక్క కుడిపక్కన, ఆ ఖాళీలో పరిచాను. రెండోది ఇంటికి తెచ్చుకున్నాను. మీటలు చూడమని మా ఆయనకు నేర్పాను. నడుం నొప్పి అని అయ్యగారికి చెప్పించాను.

పొద్దున స్నానం చేసి, తెల్లచీర కట్టి, ముసుగు వేసుకుని వంటింటి పక్క గదిలో చాప మీద కూర్చున్నాను. కాసేపటికి ఎడమ భుజానికి వెచ్చదనం తగిలింది. తర్వాత బరువు. ఏడాది తర్వాత సువార్తక్క భుజం. ఆమె ఊపిరి తీసుకుంటే నాకు తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. ఇంతకాలం ఆ ఖాళీ చాప పక్కన ఒక్కదాన్నే కూర్చుని ఏం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

"జెరూషా!" అని గుసగుసగా అంది. "వచ్చావా తల్లీ! ప్రభువు ఎంత మంచివాడు! రోజూ ఏడ్చానే నీ కోసం. రాత్రి కూడా తిండి మానేశానే."

నేను పలకలేదు. ఆమె భుజం ఇంకా దగ్గరకు వచ్చింది. ఒక్క పాట పాడేంతసేపు అలాగే ఉండనిచ్చాను. ఆ ప్రేమ నాది కాదు. అయినా అనుభవించాను. దొంగిలించాననే రాయాలి.

పాట అయ్యాక చెప్పాను.

"జెరూషా కాదక్కా. నేను, ఎలీసమ్మని."

భుజం కదల్లేదు. కానీ వెచ్చదనం తగ్గింది. చాపకు ఏ లోపమూ లేదు.

"నువ్వా," అంది. కొంచెం ఆగి, "మరి హాల్లో చాపలెవరు చూస్తున్నారే?" అని అడిగింది.

"మా ఆయన."

"ఓహో."

తర్వాత రెండు గంటలు ఆమె భుజం నా భుజానికి ఆనే ఉంది. మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. పక్కింటివాళ్ళ రేడియో మోగుతూనే ఉంది. చివరి ఆశీర్వాదం ఎప్పుడు అయిపోయిందో కూడా నేను చూసుకోలేదు. హాల్లో అయితే చివర అందరం చేతులు కలుపుకుంటాం. రాహేలు చెయ్యి గరుకుగా ఉంటుంది, వేళ్ళు నలిగేలా పిసుకుతుంది. ఈ రోజు ఆ చెయ్యి కూడా గుర్తుకొచ్చింది.

మంగళవారం

చాపల మీదివాళ్ళు పంపే చీటీలు సోమవారం నాడు పెట్టెలో అచ్చవుతాయి. వాటిని విడదీసి ఎవరివి వాళ్ళకు ఇవ్వడం నా పని. నిన్న జెరూషాది ఒకటి వచ్చింది. సంఘమంతటికీ రాసింది. నేను చదివాను.

"అయ్యగారికి, సంఘపు తల్లులకు వందనాలు. నన్ను స్తంభం పక్కకు పంపారని మొదటి వారమే తెలిసింది. రెండు పక్కలా చల్లగా ఉంది, ఏ చాపా తగలని చోటు హాల్లో అదొక్కటేనట. మా అమ్మ చెప్పేది, వెనకటికి తప్పు చేసినవాళ్ళని సంఘం అక్కడే కూర్చోబెట్టేదని. నా తప్పేమిటో ఎవరూ చెప్పలేదు. నాకై నేనే వెతుక్కున్నాను. ఇదై ఉంటుంది. నేను వాక్యం కోసం కంటే సువార్తమ్మ గారి భుజం కోసం ఎక్కువగా ఆదివారం వస్తున్నాను. మామూలు రోజుల్లో కూడా చాప మీద కూర్చుంటాను, ఆమె పొరపాటున కూర్చుంటుందేమోనని. ఇక్కడ మనిషి తగిలి రెండేళ్ళు. మీరు నాకోసం చేసిన ప్రార్థన విన్నాను. మూడు వారాలుగా మధ్యాహ్నం తినడం లేదు. ఎన్నాళ్ళుండాలో చెబితే అన్నాళ్ళూ అక్కడే ఉంటాను. చాప మాత్రం తీసేయకండి."

రెండుసార్లు చదివాను. స్తంభం సంగతి నాకు తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. మా చిన్నప్పుడు మా మేనమామను అక్కడే కూర్చోబెట్టారు. నాకు తెలుసు.

ఇంకొకటి కూడా ఉంది, అది రాయకపోతే ఈ పేజీ అబద్ధమవుతుంది. ఆమె తన తప్పు ఒప్పుకుంటుంటే కూడా నాకు అసూయే కలిగింది. సువార్తక్క గురించి అంత సూటిగా రాయడం నాకు ఇరవై ఆరేళ్ళలో చేతకాలేదు.

చీటీ పట్టుకుని అయ్యగారింటికి వెళ్ళాను. నిలబడే అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చీటీని మళ్ళీ చదువుకున్నారు.

"ఆ అమ్మాయితో ఒక్కదానితో మాట్లాడతారా ఎలీసమ్మ గారూ? అలాగైతే నేను కలుపుతాను."

"సంఘమంతా ఆమె పేరు పెట్టి ప్రార్థించిందండీ. సంఘం ముందే చెప్పాలి."

"సువార్తమ్మ గారు కూడా వింటారు."

"తెలుసండి. అందుకే రెండు రోజులు చీటీ నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను."

అమ్మగారు లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. నిలబడే తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను.

ఐదో ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. మీటలన్నీ ముందే నొక్కి ఉంచాను. ఎవరూ వినలేదనకూడదు.

నాకు గట్టిగా మాట్లాడడం రాదు. రాహేలు "వినపడట్లేదు వదినా" అని రెండుసార్లు అంది. మూడోసారి వినపడేలా చెప్పాను. జెరూషా వెనక్కి వెళ్ళలేదని, ఒక్క ఆదివారం కూడా మానలేదని, చాప జరిపింది నేనని, రాలేదని అబద్ధం చెప్పింది నేనని. ఎందుకని అడగకముందే అదీ చెప్పాను. సువార్తక్క పక్కన నేను కూర్చుని ఉన్నా ఆమెకు తెలియడం లేదని, జెరూషా ఉంటే తెలుస్తుందని, అది ఓర్వలేకపోయానని. మగవాళ్ళ వైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందుగా మాట్లాడింది జెరూషా. ఆ గొంతు హాల్లో విడిగా వినపడడం అదే మొదటిసారి. సువార్తక్క పిల్ల, పిల్ల అంటుంటే నేననుకున్నంత చిన్నవయసు గొంతు కాదు.

"అయితే... నన్ను వెలివెయ్యలేదాండీ?"

"లేదు తల్లీ," అన్నారు అయ్యగారు. "ఎవరూ వెలివెయ్యలేదు. తప్పు మాది. ఈ పూట అన్నం తిను."

అవతల ఏడుపు వినిపించింది. నవ్వు కూడా అందులోనే కలిసి ఉంది.

"ఉప్మానే ఉందండీ," అంది. ముందువరసలో కొందరు నవ్వారు. ఆ పిల్ల అంటేనే నవ్వొస్తదని సువార్తక్క అన్న మాట నిజమే.

నేను సువార్తక్క చాప వైపు చూశాను. గుంట అలాగే ఉంది. లేచి వెళ్ళిపోలేదు. దగ్గరకు వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా."

చాప అంచు సర్దాను.

"అక్కా, జెరూషా చాప ఇప్పుడే తెచ్చి నీ పక్కన వేస్తాను."

"అక్కర్లేదు," అంది. మీటలు నొక్కే ఉన్నాయి, హాలంతా విన్నది. "నన్నే అక్కడికి తీసుకుపో. స్తంభం కాడికి. ఆ పిల్ల మూడు వారాలు ఒక్కతే కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని దాని మీద ప్రార్థన పెట్టించా. నేనూ అక్కడే కూర్చుంటా, అందరూ చూస్తుండగా."

"సరే. ఒక్క నిమిషం లే అక్కా. చాప చుట్టాలి."

"లేవను. మోకాళ్ళు నొప్పి. నువ్వే మొయ్యి."

మనిషి కూర్చుని ఉంటే చాప చుట్టడానికి రాదు. తీగలు బిగుసుకుని పలకలా ఉంటుంది. రెండు చేతులూ కిందికి పెట్టి, నిద్రపోతున్న పిల్లను లేపినట్టు లేపాను. ఇక్కడ ఎటు వంగితే అక్కడ ఆమె చాప అటు వంగుతుంది.

"మెల్లిగానే! పడేస్తావా ఏంది!"

"పడెయ్యను."

"ఏమో. నీ మీద ఇప్పుడు నమ్మకం లేదు."

"తెలుసక్కా."

నా గుండెకు ఆనించి పట్టుకున్నాను. చీర మీదుగా ఆమె వెచ్చదనం నాకు తగిలింది. ఇంతకాలం చాప పక్కన కూర్చున్నాను గానీ, పక్కనుండి చెయ్యి వేశాను గానీ, ఇలా పట్టుకోవాలని ఎన్నడూ తోచలేదు. హాల్లో ఉన్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. రాహేలు లేచి రెండు చాపలను పక్కకు జరిపింది. అందరూ చూస్తున్నారు.

నడిమి వరస నుంచి స్తంభం దాకా పదహారు అడుగులు. నేను చాలా నెమ్మదిగా నడిచాను. సువార్తక్కకు కళ్ళు తిరుగుతాయని అలా నడుస్తున్నానని అందరూ అనుకుని ఉంటారు. అయ్యగారు కూడా తర్వాత ఆ మాటే అన్నారు. నేను నెమ్మదిగా నడిచింది అందుకు కాదు.

స్తంభం దగ్గర జెరూషా చాప కుంగి ఉంది. రెండు మోకాళ్ళ గుంటలు. దాని పక్కన ఒక చాప పట్టేంత చోటే ఉంది.

"వచ్చామా?" అని అడిగింది సువార్తక్క.

"వచ్చామక్కా."

"మరి దించవేం?"

ఇంకొంచెంసేపు పట్టుకున్నాను. తర్వాత దించాను.